లేత్ దగ్గర ఉంగరం ఎవరిదైనా ఒకటే

వృత్తి విద్యా సంస్థ డ్రెస్ కోడ్‌లో ‘హుందాగా ఉండాలి’ అని రాశారంటే గొడవను రాతలోనే పెట్టుకున్నట్టు. ఒక మాస్టారికి హుందాగా అనిపించింది పక్క మాస్టారికి అనిపించదు. చూసి తేల్చగలిగేదే రాయాలి: వేళ్లూ మడమా మూసే బూట్లు, వెనక్కి ముడిచి టోపీలోకి దోపిన జుట్టు, ఉంగరాల్లేని చేతులు.

వృత్తి విద్యలో ఇంకో చిక్కుంది, సంస్థ మొత్తానికి ఒకే రూలు కుదరదు. లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పనిచేసేవాళ్లకు గ్లౌజులు వద్దు. ముక్కను పట్టుకుని తిరిగే చక్‌లో గ్లౌజు కొస చిక్కుకుంటే తేరుకునేలోపే చెయ్యి లోపలికి పోతుంది. అదే విద్యార్థి వెల్డింగ్‌కి వెళ్తే తోలు గ్లౌజులు తప్పనిసరి. అక్కడ నైలాన్, పాలిస్టర్ బట్టలు నిప్పురవ్వకి కరిగి చర్మానికి అంటుకుంటాయి, అందుకే మందపాటి కాటన్ వేసుకోవాలి. పాంటు అంచు పైకి మడవకూడదు, రవ్వలు ఆ మడతలోనే చేరతాయి. జేబులో లైటర్ అసలుండకూడదు. నర్సింగ్ ల్యాబ్‌లో మోచేతి కింద గాజులు, గడియారం తీసెయ్యాలి, ఎంత కడిగినా వాటి కింద క్రిములు మిగులుతాయి. కాబట్టి ఒక్కో ల్యాబ్‌కి ఒక్కో కాగితం, ప్రతి నియమం పక్కన ఒక్క ముక్కలో కారణం. సంస్థ తప్పనిసరి చేసిన మెడలోని ఐడీ కార్డు తాడే లేత్ దగ్గర ప్రమాదం. దీన్ని చాలామంది మర్చిపోతారు. అక్కడ కార్డు జేబులోకి వెళ్లాలి.

తనిఖీ గుమ్మం దగ్గరే, మెషిన్ స్విచ్ వెయ్యకముందే జరగాలి. మధ్యలో పట్టుకుంటే క్లాసు ఆగుతుంది, ఆ విద్యార్థికి నలుగురిలో తలవంపు. లోపం కనిపిస్తే ముందు అరువు పెట్టె తెరవండి: టోపీలు, ఏప్రాన్‌లు, రబ్బరు బ్యాండ్లు, మూడు నాలుగు సైజుల బూట్లు. తర్వాత రిజిస్టర్‌లో తేదీ, లోపం, మాస్టారి సంతకం. సరిపడే బూట్లు లేకపోతే మెషిన్ ముట్టుకోనివ్వకండి, జాబ్ డ్రాయింగ్ (చెయ్యాల్సిన వస్తువు బొమ్మ గీసే) పని ఇచ్చి ల్యాబ్‌లోనే ఉంచండి. ఇంటికి పంపితే ప్రాక్టికల్ గంటలు పోతాయి, బూట్లు కొనలేనివాళ్లే ఎక్కువ నష్టపోతారు. అది నాకు అన్యాయంగానే తోస్తుంది.

మినహాయింపు నోటిమాటతో ఇవ్వకూడదు. చర్మానికి ఎలర్జీ ఉన్నా, తలకి వస్త్రం కట్టుకునే ఆచారం ఉన్నా ప్రత్యామ్నాయంతో సహా రాసిపెట్టాలి, ఉదాహరణకి ఆ వస్త్రం కొసలు ఏప్రాన్ లోపలికి దోపుకోవాలని. అప్పుడు ఏ మాస్టారు వచ్చినా జవాబు ఒకటే.

వారానికోసారి రిజిస్టర్ తిరగేయండి. ఒకే బ్యాచ్‌కి ఒక మాస్టారి పీరియడ్‌లో పది పేర్లు, ఇంకొకరి పీరియడ్‌లో సున్నా ఉంటే మాట్లాడాల్సింది మాస్టార్లతో. పేర్లన్నీ అమ్మాయిలవే అయినా అంతే. డ్రిల్లింగ్ మెషిన్ ముందు మాస్టారి చేతికి ఉంగరం ఉంటే ఆయన పేరూ అదే రిజిస్టర్‌లో ఎక్కాలి.