ఆర్‌సీ6లో మూడు లైన్ల ప్యాచ్

నిన్న రాత్రంతా ఒక వైఫై డ్రైవర్ ప్యాచ్ (కోడ్‌లో చిన్న సవరణ) ముందు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లేటప్పుడు డ్రైవర్ మెమరీని ఫ్రీ చేసేస్తోంది, కానీ క్యూలో ఉన్న టైమర్ పనిని రద్దు చేయడం లేదు, దాంతో ఎప్పుడో ఒకసారి ఆ పని నడిచి, ఫ్రీ అయిపోయిన మెమరీని ముట్టుకుని, లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) కుప్పకూలుతోంది. ఫిక్స్ మూడే లైన్లు.

లినక్స్‌లో కొత్త మార్పులు చేర్చుకునే మెర్జ్ విండో రెండు వారాలు. ఆ తర్వాత వారానికో ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, అంటే విడుదలకి ముందు పరీక్షకి ఇచ్చే వెర్షన్), మామూలుగా ఏడో ఎనిమిదో. మనం ఇప్పుడు ఆరులో ఉన్నాం. ఈ బగ్ ఈ విండోలోనే వచ్చి ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా ఇప్పుడే ఈ రిలీజ్‌కి పంపేవాణ్ణి, ఎందుకంటే నిన్నటిదాకా పనిచేసిన మెషీన్‌ని మనమే పాడుచేసినట్టు కదా. కానీ ఫిక్సెస్ ట్యాగ్ (తప్పు ఏ మార్పుతో వచ్చిందో చెప్పే లైన్) చూస్తే తప్పు చాలా పాత కమిట్‌లో ఉంది.

పైగా ఆ రద్దు చేసే కాల్, పని పూర్తయ్యేదాకా ఆగుతుంది. సస్పెండ్ దారిలో మనం పట్టుకున్న లాక్‌నే ఆ పని కూడా అడిగితే? డెడ్‌లాక్, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోతాయి! అరుదుగా వచ్చే క్రాష్ పోయి, మూత మూసినప్పుడు హ్యాంగ్ రావచ్చు. నాకు అసలు టెన్షన్ అదే.

అందుకే తర్వాతి మెర్జ్ విండోకి వెళ్లే నెక్స్ట్‌లో పెట్టాను, స్టేబుల్ ట్యాగ్ కూడా చేర్చాను. మెయిన్‌లైన్‌లో (అసలు లినక్స్ కోడ్‌లో) చేరాక పాత వెర్షన్లకూ వెళ్తుంది. రిపోర్ట్ చేసినాయనకి విషయం వివరంగా రాసి, తన మెషీన్‌లో టెస్ట్ చేయమని ప్యాచ్ పంపాను.