తరంగంబాడిలో నాన్న

షష్టిపూర్తికి తమిళనాడులోని తిరుక్కడయూరు వెళ్లే తెలుగువాళ్లది దాదాపు ఒకే రూటు. అభిరామి అమ్మవారి గుళ్లో హోమం, దండలు, ఫొటోలు, ఆ తర్వాత వైదీశ్వరన్ కోయిల్, తిరునళ్లార్. తిరునళ్లార్ దారిలోనే, కాస్త దూరానికే తరంగంబాడి వస్తుంది. అక్కడ ఆపమంటే వ్యాను డ్రైవరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "అక్కడేముందమ్మా, పాత కోట. టైం వేస్ట్" అన్నాడు, మన యాత్రికుల దగ్గర పట్టుకున్న తెలుగులో. చివరికి వెయిటింగ్ అని ఐదొందలు అదనంగా పుచ్చుకుని ఆపాడు. వెళ్లేవాళ్లు ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే ఈ ఊరు కూడా చేర్చమనండి.

1792 నాటి ఊరి ద్వారం దాటి కింగ్ స్ట్రీట్‌లో అడుగు పెట్టాక ఆ చిరాకంతా పోయింది. లావు స్తంభాల వరండాలు, పాత చర్చిలు, చివరికంటా వెళ్తే సముద్రం. 1620లో డేన్‌మార్క్ వాళ్లు ఇక్కడ కోట కట్టుకున్నారు. వాళ్లకి అనుమతి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. 1845లో వాళ్లు ఊరిని ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. ఎండ మండిపోతుంటే కోటలో ఎక్కువసేపు ఉండలేకపోయాం.

1718 నాటి న్యూ జెరూసలేం చర్చిలో మాత్రం నాన్న కదల్లేదు. అక్కడ జీగెన్‌బాల్గ్ సమాధి ఉంది. 1706లో వచ్చిన ఈ జర్మన్ మిషనరీ తమిళం నేర్చుకుని, ఈ ఊళ్లోనే ప్రెస్సు పెట్టి, 1715కల్లా బైబిల్ కొత్త నిబంధన తమిళంలో అచ్చు వేయించాడు. జర్మనీ నుంచి వచ్చిన టైపు మరీ పెద్దదై కాగితం చాలకపోతే, చిన్న అక్షరాలు ఇక్కడే పోత పోశారు.

నాన్న కుర్రతనంలో తెనాలిలో ఓ ప్రెస్సులో కంపోజింగ్, అంటే సీసపు అక్షరాలు ఏరి పేర్చే పని, చేశారు. "తమిళానికి మనలా ఒత్తుల గొడవ లేదు, కేసు తేలిక" అని, అక్షరాలుండే గళ్ల పెట్టె గురించి చెబుతూ చర్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ ఉన్నట్టు పెట్టి, కుడిచేత్తో గాల్లోంచి ఒక్కో అక్షరం ఏరుతూ, 'లక్ష్మి' అనే మాట కట్టడానికి చెయ్యి ఎన్ని గళ్లలోకి వెళ్లి రావాలో చూపించారు. వేళ్ల కదలికలో ఆ వేగం ఇంకా ఉంది.

అప్పుడు ఇంకో మిషనరీ షుల్జ్ సంగతి చెప్పాను. బెంజమిన్ షుల్జ్ 1719లో ఈ ఊరికే వచ్చాడు. తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగెళ్లాక 1746–47లో హాలె పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే.

"జర్మనీలో మన ఒత్తులు ఎవరు పోశారమ్మా?" అన్నారు నాన్న. కళ్లు చెమర్చాయి. నాకు మాత్రం కోపం వచ్చింది. తిరునళ్లార్‌కి వ్యాన్లకు వ్యాన్లు పరుగెత్తే మనలో ఎందరు ఇక్కడ దిగుతారు?

అమ్మకి నచ్చింది ఒడ్డునే ఉన్న మాసిలామణినాథర్ గుడి. 1306 నాటిది. ముందు భాగాన్ని సముద్రం ఎప్పుడో తినేసింది, మిగిలిన దానికి అడ్డంగా బండరాళ్లు పోశారు. దణ్ణం పెట్టుకుంటుంటే మొహాన ఉప్పు తుంపర. పక్కనున్న పెద్ద హోటల్లో కాఫీ రేటు చూసి వెనక్కి వచ్చేశాం. పక్క ఊరు పొరైయారులో తాగిన ఫిల్టర్ కాఫీ అమృతం.

సాయంత్రం తిరునళ్లార్ క్యూలో మా ముందు గుంటూరు కుటుంబం ఒకటి నిలబడింది. శనీశ్వరుడి దర్శనం అయ్యేదాకా నాన్న వాళ్లకి షుల్జ్ కథే చెప్పారు.