అత్తగారి అథామే కోసం నాలుగు నెలలు: నా అనుభవం

నిన్న అక్టోబర్ 31. సాయంత్రం ఏడింటికి కేర్ హోమ్ ఆఫీసులో రిజిస్టర్ మీద సంతకం పెట్టి మా అత్తగారి అథామేని, అంటే ఆవిడ పూజలో వాడే కత్తిని, బీరువాలోంచి బయటికి తీయించాను. ఆ ఒక్క సంతకం దాకా రావడానికి నాలుగు నెలలు, పదకొండు ఈమెయిళ్ళు, మూడు మీటింగులు పట్టాయి. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాసేయాలనిపించింది.

మా అత్తగారు ఇంగ్లిషావిడ. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ ప్రాంతంలో గ్లాస్టన్‌బరీ అనే చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు ఉన్నారు. ఆవిడది విక్కా మతం. ఇక్కడి పేగన్ మార్గాల్లో, అంటే ప్రకృతిని కొలిచే మార్గాల్లో, అదొకటి. 1951లో ఈ దేశంలో పాత మంత్రవిద్యల చట్టం రద్దయ్యాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన పుస్తకం రాయడంతో విక్కా లోకానికి తెలిసింది. ఒక దేవత, ఒక దేవుడు, ఋతువుల ప్రకారం ఏడాదికి ఎనిమిది పండుగలు. వాళ్ళు తమని తాము 'విచ్' (మంత్రగత్తె) అని గర్వంగానే చెప్పుకుంటారు. పెళ్ళైన కొత్తలో ఆ మాట విని నాకు గుండె ఝల్లుమంది. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదువుతూ పెరిగినదాన్ని మరి. ఆవిడ ఇంట్లో నెల రోజులు ఉన్నాక ఆ భయం దానంతటదే పోయింది. పొద్దున్నే దీపం వెలిగించి, పెరట్లో రోజ్‌మేరీ కొమ్మకి థాంక్స్ చెప్పి కోసుకునే మనిషిని చూసి ఎంతకాలం భయపడతాం?

ఈ ఏడాది అత్తగారికి పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, ముదిరింది. వంటింట్లో రెండుసార్లు పడిపోయారు. సోషల్ వర్కర్ వచ్చి చూసి వెళ్ళింది, ఫారాలు నింపాం. ఇంగ్లండ్‌లో చేతిలో 23,250 పౌండ్లకు మించి ఉంటే కేర్ హోమ్ ఖర్చు మనమే పెట్టుకోవాలి కాబట్టి లెక్కలు చూపించాం. మేం భయపడినదంతా ఈ దశ గురించే. తీరా చూస్తే మూడు వారాల్లో అయిపోయింది. జూలై మొదటి వారంలో గదిలోకి మారారు.

ఆవిడ తెచ్చుకున్నవి బట్టలు, ఒక కుర్చీ, ఒక చెక్క పెట్టె. పెట్టెలో ఆవిడ పూజా సామగ్రి. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మూత తీసి చూసి, 'నైఫ్' అని చిన్నగా అని, లోపలికి ఫోన్ చేసింది. అసలు కథ అక్కడ మొదలైంది.

రెండో రోజు మీటింగ్. మేనేజర్, ఆమె డెప్యూటీ, సేఫ్టీ చూసే ఇంకొకాయన ఒకవైపు. వీల్‌చెయిర్‌లో మా అత్తగారు, నేను ఇంకోవైపు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. డెప్యూటీ నీలం రంగు రబ్బరు గ్లోవ్స్ వేసుకుని పెట్టెలోని వస్తువులు ఒక్కొక్కటే తీసి ప్లాస్టిక్ ట్రేలో పెట్టింది. భోజనాలు పంచే ట్రే అది, మూలన ఎండిన గ్రేవీ మరక కూడా ఉంది. ఒక్కోదానికీ తెల్ల స్టిక్కర్ అంటించింది. ఒకటి, రెండు, మూడు. కత్తికి మాత్రం ఎర్ర స్టిక్కర్. పిడి మీదే అంటించింది. ఆ నల్ల పిడి మీద అత్తగారు ముప్పై ఎనిమిదేళ్ళ కిందట తన చేత్తో చెక్కుకున్న గుర్తులున్నాయి. స్టిక్కర్ సరిగ్గా వాటి మీదే పడింది. ఆవిడ మొహం చూశాను. ఏమీ అనలేదు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి మాత్రం ఇంకా ఎక్కువ వణికింది.

వాళ్ళలో తమ పనిముట్లని వేరేవాళ్ళు అడక్కుండా ముట్టుకోకూడదు. ఈ మాట వినగానే మనకి మడి, అంటు గుర్తొస్తాయి. అలాంటిది కాదిది, ఎవరు ముట్టుకుంటున్నారన్నది లెక్కే లేదు. మా నాన్న రాజమండ్రిలో వడ్రంగి. ఆయన ఉలి ఇంకెవరూ పట్టుకోకూడదు, మా అన్నయ్య కూడా. ఆ పిడి ఆయన అరచేతికి తగ్గట్టు అరిగిపోయింది, ఇంకో చేతిలో పడితే దారి తప్పుతుందనేవారు. దసరాకి ఉలి, బాడిస, రంపం అన్నీ కడిగి పసుపు రాసి బొట్టు పెట్టేవారు, ఆ రోజు వాటితో పని చేయించేవారు కాదు. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకోవాల్సిందే. కాబట్టి ఆ ట్రేలో ఏం జరుగుతోందో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

'ఇది దేన్ని కోయడానికి?' అని సేఫ్టీ ఆయన అడిగాడు.

'దేన్నీ కాదు' అన్నారు అత్తగారు. పార్కిన్సన్స్‌తో గొంతు బాగా సన్నబడింది, దగ్గరగా వంగితే తప్ప వినపడదు. ఆయన వంగలేదు. నా వైపు తిరిగి, 'ఆవిడకి విషయం అర్థమవుతోందా?' అన్నాడు.

ఏళ్ళ తరబడి ఎంతోమందికి ఈ విద్య నేర్పిన మనిషి. మతి నిక్షేపంగా ఉంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, లేనట్టుగా మాట్లాడారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఊపులో ఇంగ్లిష్ కూడా తడబడింది. అయినా ట్రేలోని ప్రతి వస్తువు గురించీ చెప్పాను.

ఆ కత్తి పేరు అథామే. రెండువైపులా అంచులుంటాయి, పిడి నల్లగా ఉంటుంది. ఆవిడ దాన్ని ఏనాడూ పదును పెట్టలేదు, టొమాటో కూడా తెగదు. పూజకి ముందు దాని మొనతో తమ చుట్టూ గాలిలో ఒక వలయం గీస్తారు. సూర్యుడు తిరిగే వైపుగానే, అంటే మనం గుళ్ళో ప్రదక్షిణ చేసే వైపుగానే. వలయం లోపల ఉన్నంతసేపూ అది గుడి. పూజ అయ్యాక ఆ వలయాన్ని విప్పేస్తారు. ఇంటి హాలైనా, పెరడైనా, అడవైనా సరే, వాళ్ళకి గుడి అలా లేస్తుంది. ఉప్పు, నీళ్ళు శుద్ధి చేసేటప్పుడు కూడా అథామే మొననే వాటికి తాకిస్తారు. నిజంగా మూలికలు కోసేది ఇంకో కత్తి, తెల్ల పిడిది, బోలీన్ అంటారు. దాన్ని అత్తగారు ఇంటి దగ్గరే వదిలేశారు. పదునున్న కత్తిని తనే తీసుకురాలేదని చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

చిన్న కర్ర వాండ్. అత్తగారిది హేజల్ చెట్టు కొమ్మ. అథామేతో శాసిస్తాం, వాండ్‌తో పిలుస్తాం అంటారావిడ. వెండి గిన్నె నీటికి గుర్తు, దేవతకి గుర్తు. పూజ చివర్లో గిన్నెలోని పానీయంలోకి అథామే మొన దించుతారు, స్త్రీపురుష తత్త్వాలు కలిసే ఘట్టమది. రాగి పళ్ళెం మీద అయిదు కొనల నక్షత్రం, దాని మీద ఉప్పు పెడతారు, అది భూమి. ఆ నక్షత్రం చూసి మేనేజర్, 'ఇది దెయ్యానికి సంబంధించిందా?' అని అడిగింది. భూమి, నీరు, నిప్పు, గాలి, అయిదోది ఆత్మ అన్నాను. మన పంచభూతాల్లో అయిదోది ఆకాశం, తేడా అంతే. వాండ్ నిప్పా గాలా, అథామే గాలా నిప్పా అన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకే రెండు వాదాలున్నాయి. మా అత్తగారి లెక్కలో అథామే నిప్పు.

ఇంకా సాంబ్రాణి గిన్నె, మూడు కొవ్వొత్తులు, బర్చ్ పుల్లలతో కట్టిన చీపురు. ఆ చీపురుతో వలయం గీసే చోటు ఊడుస్తారు, నేలకి తగలనివ్వకుండా. ఊడ్చేది దుమ్మును కాదు మరి.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. గిన్నె, గుడ్డ ఉంచుకోవచ్చు. మిగతావన్నీ 'ఆయుధం', 'అగ్నిప్రమాదం' అని రెండు మాటల్లో తోసేశారు. హేజల్ కొమ్మ కూడా ఆయుధమేనట!

నిప్పు సంగతి నేను ఒప్పుకున్నాను. పక్క గదిలో పెద్దాయనకి ఆక్సిజన్ పెడతారు. అక్కడ కొవ్వొత్తి వెలిగించాలని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు. బ్యాటరీ దీపాలు కొన్నాను, సాంబ్రాణికి బదులు గిన్నెలో ఎండు లావెండర్, రోజ్‌మేరీ నలిపి పెట్టాను. ఇలాంటి చోట్ల పోరాడుతున్నవాళ్ళు ముందు న్యాయమైన అభ్యంతరాన్ని ఒప్పేసుకోండి. మిగిలినదాని మీద గట్టిగా నిలబడొచ్చు.

ఆగస్టు 1న లూనాసా పండుగ వచ్చింది, కొత్త పంట పండుగ. కత్తి బీరువాలో ఉంది. అత్తగారు కుర్చీలో కూర్చుని చూపుడువేలు చాపి, దానితోనే వలయం గీశారు. విక్కాలో అది చెల్లుతుంది. పనిముట్టు మనసుని నిలపడానికే, అది లేనప్పుడు వేలు చాలంటారు. నేను అమాయకంగా ఈ విషయం డెప్యూటీకి చెప్పాను. రెండో మీటింగ్‌లో అదే మాట నాకే తిప్పికొట్టారు: 'వేలితో సరిపోతోంది కదా, ఇక కత్తి దేనికి?'

మంత్రం నోటితో చదివితే చాలని గుళ్ళోంచి హారతి పళ్ళెం తీసేస్తారా? చేతికి అలవాటైన వస్తువంటూ ఒకటుంటుంది. ఆఫీసు మనుషుల దగ్గర మనసు విప్పి మాట్లాడకండి, ఇది నా గట్టి సలహా. అక్కరకు మించి ఒక్క ముక్క చెప్పినా దాన్ని వాళ్ళకి కావలసిన చోట వాడుకుంటారు.

దారి చూపించింది రాత్రి డ్యూటీలో ఉండే మలయాళీ నర్సు. 'మీటింగులు అడగకండి చేచీ (అక్కా), కేర్ ప్లాన్, అదే ఆవిడని ఎలా చూసుకోవాలో రాసే పత్రం, దాని రివ్యూ రాతపూర్వకంగా అడగండి. రాతలో అడిగితే రాతలోనే జవాబివ్వాలి' అంది. ఆ రాత్రే మొదటి ఈమెయిల్ రాశాను. 2010 ఈక్వాలిటీ చట్టం మతాన్ని, విశ్వాసాన్ని కాపాడుతుందని రాశాను. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 74 వేల మంది తాము పేగన్ అని, 13 వేల మంది విక్కా అని రాసుకున్నారని చెప్పాను. ఇక్కడ బయట కత్తి పట్టుకు తిరగడం నేరమే అయినా, మతపరమైన కారణాన్ని చట్టమే సరైన కారణంగా ఒప్పుకుంటుందని, అలాంటిది నాలుగు గోడల మధ్య తాళం వేసి ఉంచే మొద్దు కత్తికి అభ్యంతరమేంటో వివరంగా రాసివ్వమని అడిగాను. అంచు మీద నా బొటనవేలు ఆనించి నొక్కిన ఫోటో కూడా జతచేశాను. మా ఆయన అది చదివి 'లాయర్ రాసినట్టుంది' అన్నారు. నేను చదివింది బీకామ్. తొమ్మిది ఈమెయిళ్ళ దాకా వివరమే రాలేదు. పదోదానికి మూడో మీటింగ్ పిలిచారు. పదకొండోది ఒప్పందాన్ని ఖాయం చేస్తూ నేను రాసింది.

ఒప్పందం ఇది. వాండ్, పళ్ళెం, చీపురు గదిలోనే. అథామే ఆఫీసు బీరువాలో, ఆవిడ నల్లగుడ్డలోనే చుట్టి. ఎనిమిది పండుగలకీ, పౌర్ణమికీ కుటుంబంలో ఒకరి సంతకం మీద గంటసేపు ఇస్తారు. గుడ్డ విప్పేది అత్తగారు మాత్రమే. ఆ చివరి వాక్యం కోసం మూడో మీటింగ్‌లో నలభై నిమిషాలు వాదించాను. అది లేకుండా సంతకం పెట్టనన్నాను.

నిన్న సావిన్. పోయినవాళ్ళని తలుచుకునే రాత్రి. మామగారి ఫోటో, మా నాన్న ఫోటో పక్కపక్కన పెట్టారావిడ. మా నాన్న ఫోటో పెట్టమని నేను అడగలేదు. నేను చీపురు పట్టుకుని నేలకి జానెడు ఎత్తులో గదంతా ఊడ్చాను. ఆవిడ గుడ్డ విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి దగ్గర వేళ్ళు తడబడ్డాయి, నేను సాయం పట్టలేదు. పిడి మీద స్టిక్కర్ జిగురు ఇంకా కొంచెం అంటుకునే ఉంది. గోటితో గీకారు, పోలేదు.

తర్వాత అథామే ఎత్తారు. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా, పని చేస్తున్నప్పుడు తక్కువగా ఉంటుందని నర్సు చెప్పింది. నా కళ్ళతో చూశాను. ఒళ్ళో ఉన్నంతసేపూ కొట్టుకుంటున్న చెయ్యి, కత్తి పైకి లేచి తిరగడం మొదలుపెట్టాక నెమ్మదించింది. వీల్‌చెయిర్‌ని నేను మెల్లగా తిప్పుతుంటే మొన గోడల వెంబడి సాగింది. కిటికీ, బీరువా, కాలింగ్ బెల్ తాడు, తలుపు, మళ్ళీ కిటికీ.

మాత్రల వల్ల వైన్ వద్దన్నారు, యాపిల్ జ్యూస్ పోశాను. గిన్నె నేను పట్టుకున్నాను, ఆవిడ మొన దించారు. అంచుకి రెండుసార్లు టంగుమని తగిలింది. ఇద్దరం తాగాం.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా డెప్యూటీ తలుపు తట్టింది. ఈసారి గ్లోవ్స్ లేవు. అత్తగారు వలయం విప్పి, కత్తిని గుడ్డలో చుట్టి, ముడి వెయ్యమని నా చేతికిచ్చారు.