గాడిదకు మందు: బరువు, లెక్క, వ్యవధి

గాడిద మోతాదు లేబుల్ మీద విడిగా రాసి ఉన్న మందులు చాలా తక్కువ. దాంతో గుర్రం మోతాదునే బరువుకి తగ్గట్టు కుదించి ఇచ్చేయడం అలవాటైపోయింది. బరువు లెక్క వరకు అది సరే. కానీ గాడిద కాలేయం చిన్న సైజు గుర్రం కాలేయం కాదు. కొన్ని మందుల్ని అది చాలా వేగంగా వదిలించుకుంటుంది, కొన్నిటిని నిదానంగా. కాబట్టి ఎంత ఇవ్వాలన్న దానితోపాటు ఎన్ని గంటలకోసారి ఇవ్వాలన్నది కూడా తేల్చుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఈ రెండో దాని దగ్గరే.

నొప్పి మందులే తీసుకోండి. ఫినైల్‌బ్యుటజోన్ గాడిద ఒంట్లోంచి గుర్రంలో కంటే త్వరగా పోతుంది. అందుకే కిలోకి 2.2 నుంచి 4.4 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి ఇస్తారు. ఫ్లునిక్సిన్‌దీ ఇదే తీరు: కిలోకి 1.1 మి.గ్రా., గుర్రానికి రోజుకోసారి సరిపోయేది గాడిదకు తరచు 12 గంటలకోసారి కావాలి. మెలాక్సికమ్ అయితే మరీ త్వరగా పోతుంది, దాని అర్ధాయువు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం, దాదాపు గంటే. కాబట్టి గాడిదకు దాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. పోనీ అన్నీ రెండు పూటలా ఇచ్చేద్దామా అంటే అదీ కుదరదు, కార్ప్రోఫెన్ దీనికి పూర్తి విరుద్ధంగా నెమ్మదిగా పోతుంది. రెండు పూటలా ఇస్తే ఒంట్లో పేరుకుంటుంది.

సాయంత్రానికి మళ్ళీ కుంటుతోందని చాలామంది ఒక్కసారి ఇచ్చే మోతాదే పెంచేస్తారు. తగ్గించాల్సింది వ్యవధి, పెంచాల్సింది మోతాదు కాదు. మోతాదు పెంచితే నోట్లో, కడుపులో, పెద్దపేగులో పుండ్లు పడతాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్న జంతువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. ఫినైల్‌బ్యుటజోన్ ఇంజెక్షన్ సిరలోకే వెళ్ళాలి, పక్కన కారితే అక్కడి కండ, చర్మం కుళ్ళిపోతాయి. ఇక్కడో చిక్కుంది. గాడిద మెడలో చర్మం కింది పలుచని కండరం గుర్రంలో కంటే మందంగా ఉండి, సిర మధ్య భాగాన్ని కప్పేస్తుంది. పై మూడో వంతులోనో కింది మూడో వంతులోనో వెతకాలి. చర్మం కూడా మందం, సూదిని కాస్త నిటారుగా పట్టాలి.

ఇక బరువు. గుర్రాల కోసం అచ్చేసిన టేపు గాడిద మీద తప్పు చూపిస్తుంది, ఒంటి తీరే వేరు. మామూలు కొలత టేపు తీసుకుని, ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ తిప్పి, ఊపిరి వదిలినప్పుడు చదవండి. మూపు దగ్గర ఎత్తు కూడా కొలిచి, గాడిదల కోసమే తయారుచేసిన పట్టికలో చూడండి. కంటితో అంచనా వేస్తే కొవ్వు పట్టిన మెడ, ఉబ్బిన పొట్ట మోసం చేస్తాయి.

లెక్క తేలికే. ద్రవ మందుపై ఉన్న శాతాన్ని 10తో గుణిస్తే మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. 150 కిలోల గాడిదకు నట్టల మందు ఫెన్‌బెండజోల్ కిలోకి 7.5 మి.గ్రా. అంటే 1,125 మి.గ్రా. 10 శాతం సీసాలోంచి 11 మి.లీ. పైచిలుకు. అదే మందు 2.5 శాతం సీసాలో ఉంటే 45 మి.లీ. కావాలి. సీసా మారిందని చూసుకోకుండా పాత కొలతే పోస్తే నాలుగో వంతు మోతాదే లోపలికి వెళ్తుంది. నట్టలు చావవు, పైగా మందుకి అలవాటుపడతాయి. మరో నట్టల మందు ఐవర్‌మెక్టిన్ నోటి పేస్టు 1.87 శాతం, అంటే గ్రాములో 18.7 మి.గ్రా., మోతాదు కిలోకి 0.2 మి.గ్రా. 150 కిలోలకు 30 మి.గ్రా., అంటే 1.6 గ్రాముల పేస్టు. 6.42 గ్రాముల ట్యూబులో అది పావు వంతు. పిస్టన్ మీది రింగు బిగించకుండా నొక్కితే ట్యూబంతా నోట్లోకి పోతుంది, ముందే చూసుకోండి. మాక్సిడెక్టిన్ కొవ్వులో నిల్వ ఉండే నట్టల మందు. బక్కచిక్కిన గాడిదలకు, 4 నెలల్లోపు పిల్లలకు ప్రమాదం.

నోట్లో మేత ఉండగా పేస్టు పెడితే నమిలి ఉమ్మేస్తుంది. ముందు నోరు ఖాళీ చేయించి, ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య ఖాళీలోంచి సిరంజి నాలుక మీదికి పెట్టాలి. తల పైకెత్తి సీసాతో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దాణాలో పొడి కలిపితే గాడిద వాసన పట్టేస్తుంది. మేత మానేస్తే అసలు జబ్బు కంటే అదే పెద్ద ముప్పు: ఒంట్లోని కొవ్వు రక్తంలోకి పొంగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రోజంతా తినని గాడిదను పశువైద్యుడికి వెంటనే చూపించాలి.

పశువుల మందుల పెట్టెలోంచి తీయకూడనివీ ఉన్నాయి. గోమార్ల కోసం పశువులకు వాడే అమిట్రాజ్ గాడిద జాతికి పేగుల కదలికను ఆపేసి మలం గడ్డకట్టిస్తుంది. కోళ్ళ, పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ గుండె కండరాన్ని చంపేస్తుంది. లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ప్రాణాంతకమైన విరేచనాలు తెస్తుంది. ఐవర్‌మెక్టిన్ సూదిమందు కూడా వద్దు, సూది వేసిన చోట ప్రమాదకరమైన వాపులు వస్తాయి. రక్తంలో పరాన్నజీవికి ఇచ్చే ఇమిడోకార్బ్‌ను గాడిద గుర్రమంతగా తట్టుకోలేదు. దాని మోతాదు వైద్యుడే తేల్చాలి.

మత్తుమందుల సంగతి వైద్యుడికే వదిలేయండి. పట్టుకున్నది కంచరగాడిదైతే మాత్రం ఆ మాట ముందే చెప్పండి, దానికి జైలజీన్ అనే మత్తుమందు దాదాపు సగం ఎక్కువ కావాలి.