పలాస జీడిపిక్కలూ, జపాన్ సుంకమూ

మా పలాసలో టీ కొట్టు దగ్గర ఎవరు కూర్చున్నా మాట చివరికి జీడిపిక్కల రేటు దగ్గరికే వస్తుంది. మొన్న మా బావ "ఈ దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాలన్నీ బయటివాళ్లకే లాభంరా" అన్నాడు. సగం నిజమే, కానీ వాటికి బయట ఉండిపోతే ఏమవుతుందో అమెరికాని చూస్తే తెలుస్తుంది. 2017 జనవరిలో ట్రంప్ టీపీపీ (పసిఫిక్ చుట్టూ ఉన్న 12 దేశాల వాణిజ్య ఒప్పందం) నుంచి తప్పుకున్నాడు. మిగిలిన 11 దేశాలు ఆగలేదు, తమలో తాము కొత్తది రాసుకున్నాయి, 2018 డిసెంబర్ 30న అది అమల్లోకి వచ్చింది. అప్పట్లో జపాన్‌లో దిగుమతి గొడ్డుమాంసం మీద సుంకం 38.5 శాతం, కెనడా, న్యూజిలాండ్ సరుకుకి అది ఏటా తగ్గుతూ 9 శాతానికి దిగేలా ఒప్పుకున్నారు, ఆస్ట్రేలియాకి 2015 నుంచే విడి ఒప్పందం ఉంది, అమెరికా సరుకు మీద మాత్రం మొత్తం సుంకం పడుతూనే ఉండేది. (కట్టేది జపాన్ దిగుమతిదారే అనుకోండి, బేరం పోయేది మాత్రం అమెరికా రైతుకి.) చివరికి అమెరికావాళ్లు జపాన్‌తో విడిగా మాట్లాడుకుని 2020 జనవరి 1 నుంచి అదే తగ్గింపు తెచ్చుకున్నారు.

మనం 2019 నవంబర్‌లో ఆర్‌సెప్ (ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) వద్దనుకున్నాం, న్యూజిలాండ్ పాలపొడి వస్తే మన పాడి రైతు ఏమైపోతాడన్న టెన్షన్‌తో. అది తప్పని నేను అనను.

అంతా విని బావ "సరేగానీ, ఈ వారం పిక్కలు ఎంత పలుకుతున్నాయి?" అన్నాడు.