ఫొటో లోపల కనపడని నెంబరు దాచడం, నా అనుభవం

రెండేళ్ల కింద పులివెందుల పోయే దోవలో ఒక లాడ్జి ముందర ఫ్లెక్స్ చూసి బండి ఆపేశా, దాని మీద గండికోట ఫొటో, నేను తీసిందే. తెల్లవారుజామున పెన్నా లోయ అంచున చలిలో రెండు గంటలు కూర్చుంటే ఎదురుగా రాతిగోడ మీద ఎర్రగా వెలుతురు పడిన కాసేపట్లో దొరికిన ఫొటో అది, కింద మూలన మా స్టూడియో పేరు కూడా వేసుంటి, ఆ మూల వరకూ నీట్‌గా కత్తిరించేసినారు. లోపలికి పోయి అడిగితే ఆయన కోప్పడలేదు గానీ "మాకు ఎవరో పంపించినారు సామీ, మీదని యాడ రాసుంది చూపించు" అన్నాడు. ఇంట్లో ఒరిజినల్ ఫైల్ ఉంది, నాదే అని చెప్పుకోవచ్చు, కానీ ఎవరికిచ్చిన కాపీ బయటికి పోయిందో ఎట్ల తెలుస్తుంది? ఆ మాట నాకు చాన్నాళ్లు నిద్ర పట్టనీలేదు.

మా అక్క కొడుకు అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవలకి కడప వచ్చినప్పుడు చెప్తే "పేరు పైన రాయొద్దు మామా, పిక్సెల్స్ లోపల రాద్దాం, డిజిటల్ వాటర్‌మార్క్ అంటారు" అన్నాడు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 0 నుంచి 255 దాకా ఒక్కో నెంబరు ఉంటుంది, నీలం 200 ఉన్నచోట 201 చేస్తే ఏ కంటికీ తేడా తెలీదు, ఆ నెంబరుని కంప్యూటర్ 0, 1 గుర్తులుగా (బిట్లు) రాసుకుంటుంది, అట్ల చివరి బిట్ మార్చుకుంటా పోతే పేరంతా రాసేయొచ్చు. రాసినాం, ఏ పిక్సెల్‌నీ మార్చకుండా దాచే పీఎన్‌జీ రకం ఫైల్‌లో నుంచి మళ్లీ చదివితే అక్షరం పొల్లు పోకుండా వచ్చింది, నాకైతే పండగే. అదే ఫొటో వాట్సాప్‌లో మా ఇంటామె ఫోన్‌కి పంపి అక్కడ నుంచి తీసి చదివితే అంతా చెత్త. ఎందుకంటే పంపేటప్పుడు జేపెగ్‌గా కుదించేస్తుంది, జేపెగ్ ఫొటోని 8 పిక్సెల్స్ వెడల్పు, 8 ఎత్తు ఉండే గళ్లుగా కోసి కంటికి ఆనని చిన్న తేడాలు పారేస్తుంది, మేం దాచింది సరిగ్గా ఆ చిన్న తేడాల్లోనే. ఫైల్ వివరాల్లో పెట్టిన పేరు కూడా ఎగిరిపోయింది.

తర్వాత వేవ్‌లెట్, డీసీటీ (ఫొటోని సన్నటి వివరాలు, పెద్ద వివరాలుగా విడదీసే లెక్కలు) కలిపిన పద్ధతి పట్టుకున్నాం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫ్రీగా దొరుకుతుంది. మరీ సన్నటి వివరాల్లో దాస్తే జేపెగ్ తీసేస్తుంది, మరీ పెద్ద వాటిలో దాస్తే కంటికి కనపడుతుంది, అందుకని మధ్యలో దాచాలి, అదీ ఫొటో అంతటా మళ్లీ మళ్లీ రాయాలి, కొన్నిచోట్ల చెడిపోయినా మిగతా చోట్ల ఎక్కువసార్లు ఏది వస్తే అదే నిజం. ఎంత గట్టిగా రాయాలి అన్నదే కష్టం. ఒకసారి బలం పెంచి 400 శాతం జూమ్ చేసి చూశా, రాళ్ల మీద ఏమీ తెలీలేదు, గరుకు కదా, కానీ పైన లేత నీలం ఆకాశంలో చీర నేతలో గళ్ల మాదిరి సన్నగా కనపడింది. దాన్ని తగ్గిస్తే వాట్సాప్ దాటదు, పెంచితే ఆకాశం పాడు, నాలుగు రాత్రులు దీంతోనే సరిపోయింది. ఆఖరికి పొడవు వైపు 1600 పిక్సెల్స్‌కి నేనే ముందు తగ్గించి తర్వాత రాస్తే నిలబడింది, ఎందుకంటే నా ఫోన్‌లో వాట్సాప్ ఎట్లాగూ అంతకే తగ్గిస్తోంది.

ఇంకోటి, మేం పెట్టుకున్న చోటు 32 బిట్లే, అంటే 4 బైట్లు. తెలుగులో పేరు రాద్దామనుకున్నా, తెలుగు అక్షరం ఒక్కటే 3 బైట్లు తింటుంది, గుణింతం గుర్తుకి ఇంకో 3! అందుకే పేరు వదిలేసి నాలుగంకెల నెంబరు పెట్టి, నోట్‌బుక్‌లో ఏ నెంబరు ఎవరికి, ఏ తేదీన ఇచ్చానో రాసుకుంటున్నా. ఫ్లెక్స్ ప్రింట్ చేసి దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి కూడా చూసినాం, అందులో నుంచి మాత్రం నెంబరు రాలేదు, అది ఒప్పుకోవాలి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాంట్లో 2012 సవరణతో 65బి సెక్షన్ చేర్చినారు, ఫొటో ఎవరిదో చెప్పే వివరాల్ని హక్కు లేకుండా తెలిసి తెలిసి తీసేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. అంటే ఆ మూల కత్తిరించడం చిన్న విషయం కాదు, ఇది మన ఫొటోగ్రాఫర్లలో చానామందికి తెలీదు.

పోయిన సంక్రాంతికి నా బెలుం గుహల ఫొటో ఒక టూర్ ప్యాకేజీ ప్రకటనలో కనపడింది, పైభాగం కోసేసి. నేరుగా చదివితే ఏమీ రాలేదు, గళ్లు జరిగిపోయినాయి కదా. అప్పుడు మావాడు నా ఒరిజినల్ కింద పరిచి దాని మీద ఈ ముక్కని సరిగ్గా సరిపోయేదాకా జరిపి, సైజు కలిపి, పోయిన భాగంలో ఒరిజినల్ ముక్క అతికించి మళ్లీ చదివాడు. 0023. 32 బిట్లకి 32 సరిపోయినాయి, నాకు చేతులు వణికినాయి. నోట్‌బుక్ తీసి చూస్తే ఆ నెంబరు నాకు బాగా తెలిసినాయనకి, ఇంట్లో గోడకి పెట్టుకుంటానంటే ఊరికే ఇచ్చింది. ఫోన్ చేసి "అన్నా, ఇది మీకిచ్చిన కాపీనే" అన్నా. కొంచేపు ఏమీ పలకలేదు, తర్వాత "అట్ల కూడా కనుక్కోవచ్చా అబ్బీ" అని మెల్లగా అడిగాడు. ఎట్ల కనుక్కున్నామో అంతా చెప్పినా, సాయంత్రం బిల్లు పంపించినా.