ఒక ఎర్తింగ్ క్లిప్పు, పంతొమ్మిది రోజులు

టోలీన్ అనే, ఇట్టే అంటుకునే సాల్వెంట్ (ద్రావకం) డ్రమ్ముకు తగిలించే ఎర్తింగ్ క్లిప్పు పళ్లు అరిగిపోయి పట్టు తప్పితే, ఎవరో దాన్ని గుడ్డ పేలికతో డ్రమ్ము అంచుకు కట్టేశారు. పేలిక కింద దళసరి నీలం పెయింటు. అంటే తీగ ఉంది కానీ పని చేయదు. 2025 జనవరిలో ఒక రాత్రి షిఫ్టులో ఇది నా కంటపడింది.

పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ కెమిస్టును. టోలీన్‌ను గొట్టంతో రియాక్టర్‌లోకి లాగుతుంటే స్థిర విద్యుత్తు పోగవుతుంది. అది నేలలోకి పోయే దారి లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. టోలీన్ ఆవిరి ఆ రవ్వకు అంటుకోవడానికి సుమారు 4 డిగ్రీల ఉష్ణోగ్రత సరిపోతుంది. విశాఖలో ఏ చలికాలం రాత్రీ అంత చల్లగా ఉండదు.

డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు బాబాయ్, "పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాం బాబూ, ఏమీ కాలేదు" అన్నాడు. అచ్యుతాపురం సెజ్‌లో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయి అప్పటికి ఐదు నెలలే.

షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాను. "మెయింటెనెన్స్‌కు చెబుతానులే" అన్నారు. నాలుగు రోజుల తర్వాత చూస్తే అదే పేలిక. మళ్లీ అడిగితే "చెప్పానుగా" అని విసుక్కున్నారు. అప్పుడు నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదాల) పెట్టెలో కార్డు వేశాను, పేరు రాయకుండా. ఇంటి లోను ఉన్నవాడి ధైర్యం అంతే. వారం గడిచాక తెలిసింది: తాళంచెవి ఉన్న ఆయన సెలవులో ఉన్నారట!

ఇక కాగితం మీదే తేల్చుకోవాలనుకున్నాను. మా ఎలక్ట్రీషియన్ కడిగి ఆరబెట్టిన డ్రమ్ముకు ఆ క్లిప్పు తగిలించి కొలిచాడు. 10 ఓమ్‌ల లోపు ఉండాల్సింది, మీటరు అసలు కనెక్షనే లేదని చూపింది. సాల్వెంట్ ఏరియాలోకి ఫోను తీసుకెళ్లకూడదు కనుక ఫొటో లేదు. క్లిప్పు, పేలిక, పెయింటు పెన్నుతో బొమ్మ గీశాను. తేదీ, బ్లాకు, రియాక్టర్ నంబరు వేసి, ఫ్యాక్టరీల చట్టం 41-హెచ్ సెక్షన్‌ను ప్రస్తావించాను. ముంచుకొచ్చే ప్రమాదం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చిన సెక్షన్ అది. భోపాల్ తర్వాత, 1987 సవరణలో వచ్చింది. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు విడిగా రాసిన ఉత్తరం బ్యాగులోనే ఉంది. ఫిర్యాదు చేసినవారి పేరు ఆయన బయటపెట్టకూడదని అప్పట్లో అదే చట్టం 118-ఎ సెక్షన్ చెప్పేది. ఆ భరోసా లేకపోతే అది కూడా రాసేవాణ్ని కాదేమో.

మూడో రోజు సేఫ్టీ కమిటీ కూర్చుంది. ప్లాంట్ హెడ్ "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. ఇన్‌చార్జి తల దించుకున్నారు. "చెప్పాం సార్, రాయలేదు" అన్నాను. ఆ మధ్యాహ్నమే టోలీన్ లోడింగ్ ఆపేశారు. నేను పేలిక చూసి అప్పటికి పంతొమ్మిది రోజులు. కొత్త క్లిప్పులు రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మిగతా బ్లాకుల్లో వెతికితే అలాంటివే ఏడు దొరికాయి. ఇన్‌చార్జి నాతో నెల రోజులు మాట్లాడలేదు.

బాబాయ్ ఇప్పుడు క్లిప్పు బిగించే ముందు కొత్త పళ్లు పెయింటును చీల్చుకుని లోపలి రేకును పట్టాయో లేదో వంగి చూసుకుంటాడు. నియర్ మిస్ కార్డులు మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో అచ్చువేయమని రెండుసార్లు రాసి ఇచ్చాను, రెండింటికీ ముద్ర పడింది. అవి వచ్చేదాకా బాబాయ్ చెబుతాడు, నేను రాస్తాను, కింద ఆయన సంతకం చేస్తాడు.